డాక్టరమ్మ కాపర్‌ టీ వేయనంది, ఇప్పుడు నేనేం చేయాలి?

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. నాకు 27 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. పెద్దది నాలుగేళ్ల పాప, చిన్నోడికి ఎనిమిది నెలలు. రెండూ సిజేరియన్లే. మా ఆయన కువైట్‌లో డ్రైవరు. చిన్నోడు పుట్టినప్పుడు వచ్చి నెల రోజులుండి పోయినాడు. ఇప్పుడు పాత సేటు దగ్గర మానేసి వచ్చే నెల వస్తా ఉన్నాడు, కొత్త వీసా వచ్చేదాకా ఇంటి కాడే ఉంటాడంట. ఇప్పుడిప్పుడే ఇంకో కాన్పు నాతో కాదని, రెండు కాన్పులూ చేసిన డాక్టరమ్మ దగ్గరికే పోయి కాపర్‌ టీ వేయమని అడిగినా.

ఆమె పెన్ను కింద పెట్టి నా మొహం చూసి, "మొగుడు దేశంలో లేనప్పుడు నీకెందుకమ్మా ఇది?" అనింది. వస్తాన్నాడని చెప్పినా. "బిడ్డలు దేవుడిచ్చేది. వద్దు అనేదానికి నువ్వెవరు, నేనెవరు? నా చేత్తో ఆ పని చేయను" అనింది. కాపర్‌ టీ అంటే లోపల పడిన నలుసును నెలనెలా చంపడమేనంట. పాలిచ్చేటోళ్లకు నెల నిలవదు, భయపడాకు అని చెప్పి ఐరన్, కాల్షియం మాత్రలు రాసి పంపింది. 300 ఫీజు తీసుకున్నారు. చీటీ మీద 'కౌన్సెలింగ్ చేయడమైనది' అని ఉంది, అంతే.

మా తమ్ముడు కంప్లైంట్ పెడదాం అంటాడు. మా చిన్నాయన మాత్రం "అమెరికాలో డాక్టర్లకు వాళ్ల మతం ఒప్పుకోని పని చేయకుండా ఉండే హక్కు ఉంది, ఇక్కడా అంతే" అంటాడు. ఆమె హస్తవాసి మంచిది, మనిషీ మంచిదే. పగ పెట్టుకోవాలని నాకు లేదు. గవర్నమెంటు ఆసుపత్రికి పోతే, మొగుడు కువైట్‌లో ఉంటే ఈమెకు లూపు ఎందుకని వీధంతా చెప్పుకుంటారేమోనని భయం. మా ఆయన సంతకం కావాలంటారా?
— పేరు వద్దు, ప్రొద్దుటూరు

జవాబు: చెల్లీ, మీ ఆయన వచ్చేది వచ్చే నెలే కాబట్టి హక్కుల సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు ఈ వారంలో చేయాల్సిన పని చెప్తాను.

కాపర్‌ టీ గవర్నమెంటు ఆసుపత్రుల్లో ఉచితం. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి ఉంది, కడపలో రిమ్స్ ఉంది. వీధి నోటికి భయపడుతున్నావు కాబట్టి నేనైతే కడపకే పొమ్మంటాను. పొద్దున్నే బస్సెక్కితే ఓపీ చీటీలు ఇచ్చే వేళకు రిమ్స్ దగ్గర ఉంటావు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేవు, ఆధార్ కార్డు పట్టుకుని పో. గైనిక్ ఓపీ ముందు కూర్చున్న అంతమంది ఆడవాళ్లలో ఎవరు స్కానింగ్‌కు వచ్చారో, ఎవరు లూపుకు వచ్చారో కనిపెట్టే తీరిక ఎవరికీ ఉండదు. ఎందుకమ్మా అని లోపల అడిగితే, మా ఆయన వచ్చే నెల వస్తున్నాడని చెప్పు. కడప జిల్లాలో కువైట్ రాకపోకల సంగతి ఏ నర్సుకూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

పోయేటప్పుడు రెండు కాన్పుల డిశ్చార్జి కాగితాలు తీసుకుపో. అవి నీ దగ్గర లేకపోతే ఆ నర్సింగ్‌హోమ్‌లో అడుగు. రోగి అడిగిన 72 గంటల్లోపు కేసు కాగితాలు ఇవ్వాలని డాక్టర్ల నియమాల్లోనే ఉంది. రెండూ సిజేరియన్లని, బిడ్డకు ఇంకా పాలిస్తున్నావని పరీక్ష చేసే డాక్టరుకు ముందే చెప్పు. పాలిచ్చే రోజుల్లో గర్భసంచి గోడ మెత్తగా ఉంటుంది, కాపర్‌ టీ పెట్టేటప్పుడు గోడకు గుచ్చుకునే ప్రమాదం మామూలు కంటే కాస్త ఎక్కువ. చాలా అరుదే అనుకో, అయినా నీకు మాత్రం చెయ్యి తిరిగిన గైనకాలజిస్టే వేయాలని నేనంటాను. రిమ్స్‌కు పొమ్మనడానికి అదీ ఒక కారణం.

లోపల ఏం చేస్తారో తెలిస్తే సగం భయం పోతుంది. బల్ల మీద పడుకోబెట్టి ముందు చేత్తో పరీక్ష చేస్తారు. తర్వాత లోపల కనిపించేలా దారి తెరిచి ఉంచే స్పెక్యులమ్ అనే పరికరం పెట్టి, సన్నటి కడ్డీతో గర్భసంచి లోతు కొలుస్తారు. కాపర్‌ టీ ఒక సన్న గొట్టంలో ముడుచుకుని ఉంటుంది. గొట్టాన్ని లోపలికి పంపి వెనక్కి లాగగానే దాని రెండు చేతులూ లోపల విచ్చుకుంటాయి. కిందికి దిగిన దారాలను కొంచెం ఉంచి కత్తిరిస్తారు. అంతా కలిపి పది నిమిషాల పని. పొత్తికడుపు మెలితిప్పినట్టు బహిష్టు నొప్పి లాంటిది వస్తుంది, కాసేపటికి తగ్గుతుంది. మొదటి మూడు నాలుగు నెలలు బహిష్టు ఎక్కువగా కావచ్చు, అందుకే రక్తం ఎంతుందో ముందే చూపించుకో. 380ఏ అనే రకం పదేళ్లు పనిచేస్తుంది, 375 అయిదేళ్లు. మధ్యలో ఎప్పుడు బిడ్డ కావాలనిపిస్తే అప్పుడు తీయించుకోవచ్చు. జ్వరం వచ్చినా, దుర్వాసనతో తెల్లబట్ట అయినా, చేతికి తగిలే దారం తగలకపోయినా ఆగకుండా ఆసుపత్రికి పో.

పరీక్ష చేసి నీకు కాపర్‌ టీ సరిపడదంటే నిరుత్సాహపడాకు. అంతర అని మూడు నెలలకొకసారి వేసే ఇంజెక్షన్ ఉంది. ఛాయ అని మాత్ర ఉంది: మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. అందులో హార్మోన్ ఉండదు, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో మనవాళ్లే తయారుచేసిన మందు. రెండూ పాలిచ్చే తల్లులు వాడొచ్చు, రెండూ గవర్నమెంటులో ఉచితమే. ఇవేవీ కుదరకముందే ఆయన దిగిపోతే నిరోధ్ ఉంది. అదీ తప్పితే 72 గంటల్లోపు వేసుకునే మాత్ర ఉంది, మందుల షాపులో డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతారు. షాపతను మొహం అదోలా పెడితే పెట్టనీ.

ఇక డాక్టరమ్మ సంగతి.

నీ ఉత్తరంలో ఆమె ఏ మతమో, ఆమె గదిలో గోడ మీద ఏ పటం ఉందో కూడా రాశావు. అచ్చు వేసేటప్పుడు అది కావాలనే తీసేశాను. ఉంచితే చదివేవాళ్ల చూపంతా ఆ పటం మీదికే పోతుంది, నీ గోడు వినేవాళ్లుండరు. ఉగాది నాడు ముస్లింలు దేవుని కడప గుడికి పోయి వెంకటేశ్వరస్వామికి దండం పెట్టుకునే జిల్లా మనది, పెద్ద దర్గా ఉరుసుకు అన్ని మతాలవాళ్లూ పోతారు. బిడ్డలు దేవుడిచ్చేది అన్న మాట కూడా ఇక్కడ ఏ ఒక్క మతం సొత్తూ కాదు.

"నా చేత్తో ఆ పని చేయను" అందే, ఆ మాట మీద నాకంత కోపం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. మన వైపు చాలామంది అది కూడా చెప్పరు. ఇప్పుడేం తొందరమ్మా అంటారు, మీ అత్తను తీసుకురా అంటారు, స్టాకు లేదు సోమవారం రా అంటారు. తిరిగి తిరిగి చివరికి పోయేసరికి నెల తప్పి ఉంటుంది. దేవుడి పేరు ఎక్కడా రాకుండానే దేవుడి పని అయిపోతుంది.

నాకు కోపం తెప్పించినవి ఆ తర్వాతి మాటలు. కాపర్‌ టీ నలుసును చంపుతుందనడం తప్పు. దాని నుంచి విడుదలయ్యే రాగి వీర్యకణాలను చచ్చుబడేలా చేస్తుంది, అండం దగ్గరికి చేరనివ్వదు, కలవనివ్వదు. అది పనిచేసేదే ముఖ్యంగా అలా. నలుసంటూ పడితే కదా చంపడానికి! పాలిచ్చేటోళ్లకు నెల నిలవదన్నది ఇంకా ప్రమాదం. పాలివ్వడం గర్భాన్ని ఆపేది మూడు షరతులూ కుదిరినప్పుడే. బిడ్డకు ఆరు నెలలు నిండి ఉండకూడదు, తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టి ఉండకూడదు, తల్లికి బహిష్టు మళ్లీ మొదలై ఉండకూడదు. మీవాడికి ఎనిమిది నెలలు, ఈపాటికి పప్పన్నమో సంగటి మెతుకో నోట్లో పెడుతూనే ఉంటావు. బహిష్టు ఇంకా రాలేదు కదా అని కూడా ధైర్యపడాకు. అండం ముందు విడుదలై, బహిష్టు తర్వాత వస్తుంది. కాన్పు తర్వాత ఒక్క బహిష్టు కూడా చూడకుండానే మళ్లీ నెల తప్పినవాళ్లు మీ వీధిలోనే ఉంటారు, అడిగి చూడు.

ఇవేవీ ఆమెకు తెలియనివి కావు, వైద్య విద్యార్థులు చదివే పాఠాలే. తన నమ్మకాన్ని నమ్మకంగా చెప్పి ఊరుకోకుండా, దాన్ని వైద్యంలా చెప్పింది. నువ్వు 300 కట్టింది ఆమె డిగ్రీని నమ్మి. నీ స్థానంలో ఇంకొక అమ్మాయి అయితే ఆ మాత్రలు వేసుకుంటూ నిశ్చింతగా ఉండిపోయేది.

"మొగుడు దేశంలో లేనప్పుడు నీకెందుకు?" అన్నదానిలో మతం కూడా లేదు. అది వీధి అరుగు మీద అనే మాట. గల్ఫుకు పోయినవాళ్ల భార్యలు రాసే ఉత్తరాల్లో ఇది నాకు తరచూ కనిపిస్తుంది. కొత్త చీర కడితే ఎవరికోసం, ఫోన్ ఎక్కువ మాట్లాడితే ఎవరితో, చివరికి ఆసుపత్రికి పోతే ఎందుకు. మొగుడు పంపే డబ్బుతో ఇల్లు కట్టించేది, పిల్లలను బడికి పంపేది, అత్తమామల బీపీ మాత్రలు తెచ్చేది ఈ అమ్మాయిలే. ఆయన సెలవు మీద వచ్చి పోయాక మోసేదీ, కనేదీ, ఒంటిచేత్తో పెంచేదీ వీళ్లే. ముందుజాగ్రత్త పడినందుకు నిన్ను మెచ్చుకోవాల్సిన కుర్చీలో కూర్చుని ఆమె అనుమానించింది. దానికి నువ్వు సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరమే లేదు, అయినా చెప్పావు. ఇకముందు ఎక్కడా చెప్పాకు. రిమ్స్‌లో చెప్పమన్నది కూడా పని త్వరగా కావాలనే.

మీ చిన్నాయన చెప్పిన అమెరికా సంగతి అబద్ధం కాదు. అక్కడ 1973లోనే చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు అందుతున్నాయి కదా అని, మతం ఒప్పుకోని డాక్టర్ల చేత గర్భస్రావాలు, కు.ని. ఆపరేషన్లు బలవంతంగా చేయించకూడదని దాని సారం. కృత్రిమ పద్ధతులేవీ కూడదని 1968లో పోప్ ఆరో పాల్ తేల్చి చెప్పాడు, అందుకే అక్కడి క్యాథలిక్ ఆసుపత్రులు కు.ని. ఆపరేషన్లకు ఒప్పుకోవు. కొన్ని రాష్ట్రాల్లో మందుల షాపువాళ్లు కూడా మతం పేరు చెప్పి మాత్రలు ఇవ్వకుండా ఉండొచ్చు. అదంతా అక్కడి గొడవ. ఆ చట్టం మైదుకూరు రోడ్డు దాకా రాదు.

మన దగ్గర డాక్టర్ల నడవడికకు 2002లో భారత వైద్య మండలి చేసిన నియమావళి ఉంది. దాని ఏడో అధ్యాయం వృత్తిలో దుష్ప్రవర్తన గురించి. వైద్యపరమైన అవసరం ఉన్నప్పుడు కేవలం మతం కారణం చూపి కుటుంబ నియంత్రణకు, కు.ని. ఆపరేషన్‌కు, గర్భస్రావానికి సాయం చేయనని డాక్టరు అనకూడదని అందులో ఉంది. ఆ పని తనకు చేతకాదని డాక్టరే అనుకుంటే మాత్రం మినహాయింపు. 2020లో ఆ మండలి పోయి జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. 2023 ఆగస్టులో కొత్త నియమాలు తెచ్చి, అదే నెలలో వాటిని ఆపేసి, పాతవే నడుస్తాయని చెప్పింది. కాబట్టి చిన్నాయనకు చెప్పు, ఇక్కడ లెక్క దాదాపు తలకిందులు.

వైద్యపరమైన అవసరం ఏముందని ఆమె వాదించొచ్చు. ఒక కాన్పయ్యాక మళ్లీ గర్భానికి ప్రయత్నించేలోపు కనీసం 24 నెలలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నీకు కోత మీద కోత పడి ఎనిమిది నెలలే అయింది. ఆ కుట్టు గట్టిపడకముందే కడుపు పెరిగితే గర్భసంచి చిట్లే ప్రమాదం పెరుగుతుంది. ఆ కోతలు రెండూ కోసింది ఆమే కాబట్టి ఈ సంగతి ఆమెకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

అలాగని ఆమె చేతే వేయించుకుని తీరమని నేననను. ఇష్టం లేని చేత్తో లోపల ఒక వస్తువు పెట్టించుకోవాలని నాకైతే ఉండదు. నియమం మాటెలా ఉన్నా, "నేను వేయనమ్మా, ఫలానా చోట వేస్తారు పో" అని అదే చీటీ మీద రాసి, ఫీజు వెనక్కిచ్చి పంపి ఉంటే నేను ఆమెను తప్పు పట్టేదాన్ని కాదు. బ్రిటన్‌లో డాక్టర్లకు పెట్టిన పద్ధతీ ఇంచుమించు ఇదే: నమ్మకం ఒప్పుకోకపోతే తప్పుకోవచ్చు, రోగికి ఇంకో డాక్టరు దారి మాత్రం చూపించాలి. నీకు ప్రొద్దుటూరులో ఇంకో గడప ఉంది, కడప ఉంది. కోసిగిలోనో కంబదూరులోనో ఉండే అమ్మాయికి దారి చూపకుండా తలుపేస్తే, ఆ పూట కూలీ పోగొట్టుకుని వచ్చినామె మళ్లీ ఎప్పుడు వస్తుంది?

సంతకం గురించి అడిగావు. కు.ని. ఆపరేషన్‌కైతే ఆసుపత్రుల్లో ఇద్దరి సంతకాలూ అడగడం మామూలే. కాపర్‌ టీకి, ఇంజెక్షన్‌కు, మాత్రలకు నీ ఒప్పుకోలు చాలు. బిడ్డను కనాలా వద్దా అనేది ఆడదాని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని, రాజ్యాంగం 21వ అధికరణం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. ఎవరైనా మీ ఆయనను తీసుకురా అంటే, ఇది ఆపరేషన్ కాదు కదా అని నెమ్మదిగా అడుగు.

రెండో సిజేరియన్‌లోనే ఆపరేషన్ చేయించేసుకుంటే పోయేది కదా అని ఇది చదివే అత్తలు అనుకుంటూనే ఉంటారు. మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్ల ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ ఒక శాతం కూడా లేదు, అది పదినిమిషాల్లో అయిపోయే కుట్టులేని ఆపరేషనే అయినా. మధ్యేమార్గం అడిగేవాళ్లు తక్కువ కాబట్టే అడిగినవాళ్లను వింతగా చూస్తారు. ఇక సర్కారు సంగతి సరేసరి. ఇద్దరు చాలని దశాబ్దాల పాటు గోడల మీద రాయించి, 2024లో స్థానిక ఎన్నికలకు ఇద్దరు పిల్లల నిబంధన ఎత్తేసి, ఇప్పుడు ఇంకా కనమంటోంది. వాళ్లు ఎటు తిరిగినా నువ్వు తిరగనక్కర్లేదు. 27 ఏళ్లకు పదేళ్ల గడువు కోరుకోవడం తెలివైన పనే.

మీ ఆయనకు మాత్రం ఫోన్ చేసి చెప్పు. అనుమతి కోసం కాదు, ఆయన దిగాక ఎవరో ఒకరు చెవిలో వేసేముందు నీ నోటితో వినడం మంచిది. కుట్టు ఇంకా మానుతోందని, డాక్టర్లు రెండేళ్లు ఆగమంటారని చెప్పు. ఎడారిలో బండి తోలే మనిషికి ఆ మాత్రం అర్థం కాకుండా పోదు. కాకపోయినా నువ్వు వెనక్కి తగ్గాల్సిన పనేమీ లేదు.

కంప్లైంట్ సంగతి కాపర్‌ టీ వేయించుకుని ఇంటికొచ్చాక చూసుకో. ఆ చీటీ, ఫీజు రసీదు ఉంటే అదీ, జాగ్రత్తగా దాచు. ఆమె ఏ తేదీన ఏ మాట అనిందో ఇవాళే ఒక కాగితం మీద రాసిపెట్టు, నాలుగు వారాలైతే మాటలు మారిపోతాయి. ఫిర్యాదు చేయాలనుకుంటే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు పంపాలి, కార్యాలయం విజయవాడలో. నీ పేరు, సంతకం ఉండాలి. ఆరు నెలల్లో తేల్చాలని నియమంలో ఉంది. తమ్ముడి కోపం మీద మాత్రం పెట్టాకు, తర్వాత తిరగాల్సింది నువ్వు. నాకైతే ముందు ఆమెకే ఒక ఉత్తరం రాయడం బాగుంటుందనిపిస్తోంది: మీరు వేయనన్నందుకు బాధ లేదు మేడం, నాకు తప్పు చెప్పినందుకు బాధగా ఉంది, ఇంకొకరికి అలా చెప్పొద్దు అని. ఆమె మంచి మనిషని నువ్వే అంటున్నావు కదా, ఆ మంచితనానికి ఒక అవకాశం ఇచ్చినట్టూ ఉంటుంది. బదులు రాకపోతే విజయవాడ ఎక్కడికీ పోదు.

ఆమె దగ్గరికి మళ్లీ పోవచ్చు, కాన్పుల చరిత్ర అంతా ఆమెకే తెలుసు. కాపర్‌ టీ వేయించుకున్న సంగతి మాత్రం దాచాకు. రేపు కడుపునొప్పని పోయినా, స్కానింగ్ చేసినా లోపల అదుందని ఆమెకు తెలిసి ఉండాలి. చూసి, ఇది తీసేద్దామమ్మా అంటే, ఎందుకు తీయాలో చీటీ మీద రాసివ్వమను.